నూట అరవై మూడో పేజీ తర్వాత

యతిరాజులు గారి మేడ మెట్లు ఎక్కుతూ సుభాన్ బాషా సగంలో ఆగిపోయాడు. వేలూరులో గుండె ఆపరేషన్ చేసిన డాక్టరు మెట్లు నిదానంగా ఎక్కమన్న మాట నిజమే గాని, అతను ఆగింది అందుకు కాదు. పైనుంచి టైపు మిషన్ చప్పుడు వస్తోంది. ఆ చప్పుడులో తేడా ఉంది.

నలభై ఐదేళ్ళుగా టైపు మిషన్లు బాగుచేసి బతికిన మనిషి బాషా. రిబ్బన్ ఉన్న మిషన్‌లో అక్షరం ముందు సిరా గుడ్డకు తగిలి, దానితో కలిసి కాగితం మీద పడుతుంది. ఆ చప్పుడు మెత్తగా ఉంటుంది. ఇప్పుడు వినిపిస్తున్నది వట్టి ఇనుము కాగితాన్ని కొడుతున్న చప్పుడు.

అతని చేతిసంచిలో రెండు కొత్త రిబ్బన్ చుట్టలున్నాయి. అల్లుడు ఖలీల్ మద్రాసులో నాలుగు వీధులు తిరిగి తెచ్చినవి. ఆ సంచిని గట్టిగా పట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కాడు.

తిరుపతి గాంధీ రోడ్డు వెనక సందులో ఉన్న ఆ మేడ మీదే యతిరాజులు గారు ముప్పై ఎనిమిదేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. దేవస్థానం ఆఫీసుల్లో గుమస్తాలుగా చేరినవాళ్ళలో చాలామంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. చూడకుండా కొట్టడమే టైపు అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు కీల వంక చూస్తుంటే చేతుల మీద తువ్వాలు కప్పేవారు. ఆయన మిషన్లకు రిపేర్లన్నీ బాషావే. కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక పన్నెండు మిషన్లలో ఒక్క తెలుగు మిషన్ మాత్రం ఇంట్లో మిగిలింది.

ఆయనకు ఒక్కడే కొడుకు పద్మనాభ్, దేవస్థానం ఆఫీసులోనే ఉద్యోగం. కరోనా రెండోసారి వచ్చినప్పుడు, ముప్పై ఆరేళ్ళ వయసులో, వారం రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు. కోడలు జయంతి బడిపంతులమ్మ. రెండేళ్ళ బిడ్డ శ్రీవేదను తీసుకుని, బదిలీ చేయించుకుని చిత్తూరులో తల్లిగారింటికి చేరింది.

యతిరాజులు గారికి కళ్ళలో నీటికాసుల జబ్బు అంతకుముందు నుంచే ఉండేది. పూటపూటా చుక్కల మందు వేసుకోవాలి. కొడుకు పోయాక ఆ మందు మానేశారు. "చూసి ఏం చెయ్యాల?" అనేవారు. ఏడాది తిరక్కుండానే రెండు కళ్ళూ పోయాయి. ఆ తర్వాత రెండేళ్ళు మంచం దిగలేదు.

కిందటి ఉగాది వెళ్ళిన మర్నాడు, ఉన్నట్టుండి భార్య సుందరవల్లిని పిలిచి, మిషన్ దించమన్నారు. శ్రీవేదకు తండ్రి గుర్తులేడు. ఎవరూ చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. వాడు పుట్టినప్పటినుంచి పోయేదాకా తనకు గుర్తున్నదంతా రాసి మనవరాలి చేతికిస్తానన్నారు. కళ్ళతో పనిలేని పని ఆయనకు ఇదొక్కటే వచ్చు.

ఆ రోజు బాషానే వచ్చి మిషన్‌కు నూనె వేసి, ఉన్న పాత రిబ్బన్‌కే సిరా పట్టించి ఎక్కించాడు. అప్పటినుంచి రోజూ ఉదయం ఇంట్లో దేవుడికి తిరుమంజనం, తళిగ నైవేద్యం అయిపోగానే యతిరాజులు గారు మిషన్ ముందు కూర్చునేవారు. ప్రతి మాటా పైకి అనుకుంటూ కొట్టేవారు. సుందరవల్లి పక్కనే కూర్చుని కాగితం ఎక్కించేది, తీసేది, మూలలో పెన్సిలుతో పేజీ నంబరు వేసేది. రోజుకు ఒక పేజీ, ఓపికుంటే రెండు. బాషా వారానికోసారి వచ్చి అచ్చు ఎలా పడుతున్నదో చూసి వెళ్ళేవాడు.

ఆషాఢంలో బాషాకు గుండెనొప్పి వచ్చింది. వేలూరులో ఆపరేషన్, ఆ తర్వాత కుట్ల దగ్గర చీము పట్టి మళ్ళీ ఆస్పత్రి, ఆ తర్వాత సత్యవేడులో కూతురు ఇఫ్ఫత్ ఇంట్లో విశ్రాంతి. బస్సెక్కడానికి డాక్టరు ఒప్పుకునేసరికి ఆరు నెలలు దాటింది.

తలుపు తీసిన సుందరవల్లి అతన్ని చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది. లోపలి గదిలో యతిరాజులు గారు వాళ్ళకు వీపు పెట్టి కూర్చుని కొడుతున్నారు. ఆవిడ బాషాను వంటింట్లోకి తీసుకుపోయింది. చిక్కిపోయిన అతని మెడవంక చూసి కళ్ళు తుడుచుకుంది.

"ఎట్లుండావు బాషా?"

"నాకేమమ్మా, బాగుండాను. మిషన్‌లో రిబ్బన్ లేదు కదా?"

ఆవిడ తలదించుకుంది.

"ఎన్నాళ్ళయింది?"

"నువ్వు వేలూరికి పోయిన నెలకే. ఆడికృత్తిక పండగ దాటినాక. ముందు అక్షరాలు పాలిపోయినాయి. తర్వాత చుట్ట తిరగడం మానేసింది. ఒకేచోట కొట్టి కొట్టి గుడ్డంతా పీలికలైపోయింది. నేనే తీసేసినాను."

"నాకొక ఫోన్ చేసుంటే ఎవురితోనైనా పంపుంటాను కదమ్మా."

"చేసినాను. ఇఫ్ఫత్ ఎత్తింది. 'అబ్బాకి ఇంకా తెలివి రాలేదమ్మా' అని ఏడ్చింది. అట్లా పిల్లని రిబ్బన్ యాడుండాదని అడిగేదెట్ల?"

బాషా చేతిసంచి గట్టు మీద పెట్టాడు.

"నేనే వెతికినాను," అంది సుందరవల్లి. "రిబ్బన్ కావాలంటే ఫ్యాన్సీ షాపులో జడరిబ్బన్లు తీసి ముందర పరిచినాడు. పిల్లకి ఎన్ని మూరలు కావాలమ్మా, ఎరుపా నీలమా అన్నాడు. ఇంకో షాపులో ఓపెనింగుకా అమ్మా, కత్తెర, పళ్ళెం కూడా ఇస్తామన్నారు. బడ్డీ దగ్గర ఒకామె రిబ్బన్ పకోడా అనుకుని పొట్లం కట్టబోయింది. నవ్వొస్తాది నాకిప్పుడు తలుచుకుంటే. కంప్యూటర్ల షాపులో మాత్రం రిబ్బనే ఇచ్చినాడు, ప్రింటరుది, ప్లాస్టిక్ పెట్టెలో. దాన్ని పగలగొట్టి, లోపలి గుడ్డ బయటికి లాగి, ఈ చుట్టకి చుట్టాలని మధ్యాహ్నమంతా కూర్చున్నాను. సన్నం. నిలవలేదు. చేతుల సిరా నాలుగు రోజులు పోలేదు. ఆయనకి కనపడదు కాబట్టి సరిపోయింది."

"సార్‌కి చెప్పుండాల్సింది."

"ఎట్ల చెప్పేది? రెండేండ్లు ఆ మంచంలో గోడవైపు తిరిగి పడుకోనుండె మనిషి. ఇది మొదలుపెట్టినాకనే తనంతట తాను లేచి తానానికి పోయినారు, కడుపుకింత తిన్నారు. ఆపమంటే మళ్ళీ మంచమే కదా. బాషా వస్తాడులే, ఈ నెల కాకుంటే వచ్చే నెల అనుకుంటిని. చప్పుడు మారిందేందని ఒకసారి అడిగినారు కూడా. పాతది కదా, రోలరు గట్టిపడిపోయుంటాది అన్నాను. సరేనన్నారు. నేనేం చెప్పినా నమ్ముతారు ఇప్పుడు. చూసేది నేనొకదాన్నే కదా."

బాషాకు ఒక ఉపాయం తట్టింది. రిబ్బన్ లేకపోయినా అక్షరం కాగితాన్ని నొక్కుతుంది. ఆ గుంటల మీద మెత్తటి పెన్సిలు పక్కకు వాల్చి రుద్దితే అక్షరాలు తెల్లగా బయటపడతాయి. కోర్టు గుమస్తాలకు ఒకటి రెండుసార్లు అతనే చేసి చూపించాడు.

"ఏం పోలేదమ్మా," అన్నాడు ఉత్సాహంగా. "ఆ కాగితాలన్నీ నాకియ్యండి. ఎన్ని వందలైనా సరే. ఇంట్లో కూర్చుని రుద్దుకుంటా అంతా ఎత్తి రాసిస్తాను. నాకు మాత్రం వేరే పనేముండాది?"

సుందరవల్లి అటు తిరిగింది. అల్మారా తెరిచి ఒక పలచటి కట్ట తెచ్చి అతని చేతిలో పెట్టింది. నలభై కాగితాలుంటాయేమో.

"మిగతావి?"

"ఇవే బాషా. మొదట్లో కొత్తవే పెడతా వచ్చినాను. తెల్లకాగితాలు తెల్లగానే బయటికొస్తా ఉంటే, ఎందుకులే అని పెట్టినవే మళ్ళీ పెట్టినాను. ఇట్లా రుద్దితే తెలుస్తాదని నాకెవరు చెప్పినారు?"

బాషా ఒక కాగితం తీసి కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకున్నాడు. గుంట మీద గుంట, అక్షరం మీద అక్షరం. ఒక్కో కాగితం మీద ఏడెనిమిది సార్లు కొట్టినట్టుంది. కొన్నిచోట్ల చిల్లులు పడ్డాయి. ఏ పెన్సిలుకూ అందులోంచి ఒక్క మాట రాదు. నూట అరవై మూడో పేజీ దాకా అచ్చుంది. అక్కడికి పద్మనాభ్ ఉద్యోగంలో చేరాడు. ఆ తర్వాత అతని పెళ్ళి, శ్రీవేద పుట్టడం, నామకరణం, ఆ రెండేళ్ళూ ఆ బిడ్డతో ఆడుకోవడం, అంతా ఈ నలభై కాగితాల మీద ఒకదాన్నొకటి తొక్కుకుని పోయింది.

కాగితం దించుతుంటే అతనికి దగ్గొచ్చింది. అప్పుడే లోపల చప్పుడు ఆగింది.

"సుందరవల్లీ, ఎవరొచ్చినారు? బాషా దగ్గులాగుండాదే!"

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. యతిరాజులు గారు కుర్చీలో ఇటు తిరిగి రెండు చేతులూ చాచారు. బాషా వెళ్ళి ఆ చేతుల్లో తన చేతులు పెట్టాడు. ఆయన వాటిని తడిమి, మణికట్లు పట్టి చూశారు.

"ఎంత చిక్కిపోయినావప్పా! ఉండు, కూర్చో. మంచిరోజు వచ్చినావు. ఈ పూటతో అయిపోయింది నా పని. ఇప్పుడే ఆఖరి పేజీ కొట్టినాను. దీన్ని బైండు చేయించే పని నీదే. శ్రీవేద పుట్టినరోజు నెలాఖర్లో వస్తాది. ఆ బిడ్డ చేతిలో పెట్టాల."

"అట్లనే సార్."

"ఆ చివరి మూడు పేజీలు ఒకసారి చదువు. ఎట్ల వచ్చిందో వినాల నేను."

బాషా చేతిలోని తెల్లకాగితాలు బల్ల మీద పెట్టేశాడు. "అద్దాలు తేలేదు సార్," అన్నాడు.

"సుందరవల్లీ, నువ్వు చదువు అయితే."

ఆవిడ బాషా వంక చూసింది. తర్వాత మిషన్‌లో ఉన్న కాగితం తీసి, మరో రెండు కలుపుకుని, ఆయన ఎదురుగా పీట మీద కూర్చుంది. ఆయన కొడుతూ పైకి అన్న ప్రతి మాటా విన్న మనిషి ఆవిడ. తెల్లకాగితం వంక చూస్తూ, తడబడకుండా చెప్పుకుపోయింది. యతిరాజులు గారు పాత పద్ధతి మనిషి. మనవరాలికి చెబుతున్నట్టే అయినా, రాస్తే గ్రాంథికంలోనే రాస్తారు.

"'అయిదవ తేది సాయంకాలము వానిని ఆసుపత్రిలో చేర్చితిమి. మమ్ము లోనికి పోనీయలేదు. వాకిట వేపచెట్టు క్రింద నిలుచుంటిమి. మూడవ అంతస్తు కిటికీనుండి వాడు చేయి ఊపెనని మీ అమ్మ చెప్పినది. అప్పటికే నాకు దూరపు చూపు సరిగా లేదు. నేనును చేయి ఊపితిని...'"

యతిరాజులు గారు తల ఊపుతూ వింటున్నారు. బాషా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ గొంతు ఒక పేజీ దాటింది, రెండో పేజీ దాటింది.

"'పన్నెండవ తేది ఉదయము వాడు నిద్రలోనే కన్నుమూసెనని ఆసుపత్రి వారు తెలిపిరి. కడపటి గడియలో వానికి నేను గుర్తుకు వచ్చితినో లేదో...'"

అక్కడ ఆగింది. ఆయన కొట్టిన తర్వాతి మాట 'తెలియదు'. ఆ ఒక్క మాట ఆవిడ నోటినుంచి రాలేదు.

"ఊఁ, చదువు," అన్నారాయన.

"గుర్తొచ్చినారు," అంది సుందరవల్లి. కాగితం ఆవిడ ఒడిలోకి జారింది. "ఆ పొద్దున ఆరుకి ఫోన్ చేసినాడు. ఎవురో నర్సమ్మ ఫోన్‌తో. ఊపిరాడ్తా లేదమ్మా అన్నాడు. నాయనకి చెప్పొద్దు అన్నాడు. మాట మాటకీ ఆగతా, నాయనకి కంటి మందు అయిపోయుంటాది, తెప్పించి వెయ్యి, తనంతట తాను వేసుకోడు అన్నాడు."

కింద రోడ్డు మీద ఆటో హారన్ వినిపించి ఆగిపోయింది.

"అది నేను కొట్టలేదే," అన్నారు యతిరాజులు గారు నెమ్మదిగా.

చెయ్యి చాచారు. సుందరవల్లి కాగితాలు ఇవ్వలేదు. బాషానే ఆవిడ ఒడిలోంచి తీసి ఆయన చేతికిచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళు కీల మీద తిరిగిన ఆ వేళ్ళు కాగితం మీద ఈ చివరనుంచి ఆ చివరకు పోయాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఒక చిల్లు దగ్గర ఆగాయి.

"రిబ్బన్ ఎన్నాళ్ళుగా లేదు బాషా?"

అబద్ధం చెప్పడానికి బాషాకు నోరు రాలేదు. "ఆడికృత్తిక నుంచి సార్."

ఆయన కాగితాలు పక్కన పెట్టేశారు. వాటి గురించి మళ్ళీ అడగలేదు. సుందరవల్లి ఉన్నవైపు ముఖం తిప్పారు.

"వాడు ఇంకేమన్నాడు?"

"అంతే. ఫోన్ ఇచ్చేయాల, ఇంకెవురో అడుగుతా ఉండారు అన్నాడు."

"గొంతు ఎట్లుండె?"

"సన్నంగా. చిన్నప్పుడు జ్వరమొస్తే ఉండేట్ల."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"ఊపిరాడలేదన్న మాట చెప్పకుండా మందు మాట ఎట్ల చెప్పేది? నిద్రలో పోయినాడని మీరు కొంచెం నిమ్మళంగా ఉండారు. అది చెడగొట్టేదెందుకని రేపు చెప్తాం, ఎల్లుండి చెప్తాం అనుకుంటిని. అంతలో మీరు మందు మానేసినారు. నేను బతిమాలినాను గాని, వాడు చెప్పినాడన్న మాట మాత్రం నోటికి రాలేదు. చూపు పోయినాక ఇంక చెప్పి ఏం లాభం? వాడి మాట చెప్పుంటే మీరు వేసుకోనుందురు. మీ కండ్లు నిలిచుండేవి. నావల్లనే పోయినాయి."

యతిరాజులు గారు లేచారు. రెండడుగులు వేసి, వంగి, గాలిలో తడిమారు. ఆవిడ తల చేతికి తగిలింది. అక్కడే నేల మీద ఆవిడ పక్కన కూలబడి, గొంతెత్తి ఏడ్చారు. కొడుకు పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు. బాషా అటు తిరిగి, మిషన్ మూత తీసి, కొత్త రిబ్బన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. వేలసార్లు చేసిన పని. ఆ రోజు గుడ్డ చివర కొక్కేనికి తగిలించడానికి నాలుగుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చి చూస్తే ఆయన మిషన్ ముందు ఉన్నారు. "అంతా తిరిగి కొట్టే శక్తి నాకు లేదప్పా," అన్నారు. "వాడు ఫోన్‌లో అన్న మాట మాత్రం కొడతాను. తర్వాత ఓపికుంటే, ఆడినుంచి వెనక్కి పోతాను."

సుందరవల్లి ఆ నాలుగు మాటలూ మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆయన ఆగి ఆగి కొట్టారు. ఆ పేజీ ఒక్కటీ కావడానికి మూడు రోజులు పట్టింది. తర్వాత వారానికి ఒక పేజీ పడేది. కొన్ని వారాలు అదీ లేదు. ఆస్పత్రి వాకిట నిలబడిన సాయంత్రం, అంతకుముందు ఇంట్లో జ్వరంతో పడుకున్న రోజులు, ఆ ముందు నెలలో శ్రీవేదను భుజాన ఎక్కించుకుని గోవిందరాజస్వామి గుడికి నడిచిన శనివారం. పదకొండు పేజీలయ్యాయి. జ్యేష్ఠమాసంలో ఆయనకు జ్వరం తగిలింది. పది రోజులు మంచంలో ఉండి కన్నుమూశారు.

పెద్ద కర్మ అయిన తర్వాత బాషా ఆ పేజీలన్నీ బైండు చేయించాడు. అట్ట మీద పేరేం వెయ్యమంటారని బైండరు అడిగితే, పద్మనాభ్ అని మాత్రం వెయ్యమన్నాడు. ఆ పుస్తకం తీసుకుని, సుందరవల్లిని వెంటబెట్టుకుని చిత్తూరు బస్సెక్కాడు.

జయంతి బడినుంచి అప్పుడే వచ్చింది. వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, పుస్తకం ఒడిలో పెట్టుకుని కూర్చుంది. అత్తగారు జరిగింది జరిగినట్టు, ఏదీ దాచకుండా చెప్పింది. జయంతి అడ్డు చెప్పకుండా వింది. నూట అరవై మూడో పేజీ తిప్పి చూసింది. ఆ తర్వాత పేజీలోనే ఆస్పత్రి ఉంది.

"నేను రాకముందుది ఉండాది. నేను వచ్చినాక జరిగిందాంట్లో ఈ చివరి నెల తప్ప ఏదీ లేదు," అంది.

సుందరవల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జయంతి ఫోన్ మాటలున్న పేజీ చదివింది. నాలుగు వరుసలు. వాటి మీద వేలు పెట్టి రెండోసారి చదివింది.

"ఈ మాట నాకూ చెప్పలేదు కదత్తమ్మా."

"చెప్పలేదమ్మా."

"నా గురించి ఏమైనా అన్నాడా? పాప గురించి?"

ఔనని ఒక్క మాట అంటే సరిపోతుంది. కాదని చెప్పడానికి ఇప్పుడు సాక్షులెవరూ లేరు. బాషా సుందరవల్లి వంకే చూస్తున్నాడు. ఆవిడ కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది.

"లేదమ్మా," అంది. "ఊపిరి చాల్లేదు వాడికి."

జయంతి పుస్తకం మూసింది. తర్వాత మోకాలి మీది ఆ చేతి మీద తన చెయ్యి పెట్టింది.

శ్రీవేద వచ్చి పుస్తకం తన ఒడిలోకి లాక్కుని మొదటి పేజీ తెరిచింది. ఆరేళ్ళ బిడ్డ, ఇంగ్లీషు మీడియం. తెలుగు ఇంకా కూడబలుక్కునే చదువుతుంది. "మీ... నా... య... న..." అని వేలు జరుపుకుంటూ పోయి, ఒక ఒత్తు దగ్గర ఆగిపోయి బాషా వంక చూసింది. అతను ముందుకు వంగి ఆ మాట చెప్పాడు. ఆమె దాన్ని ఒకసారి పైకి అనుకుని, తర్వాత మాటకు వెళ్ళింది.

ఆరు గంటల తిరుపతి బస్సు వెళ్ళిపోయింది. ఎవరూ లేవలేదు.